కూలి రేటు తగ్గలేదు, మరి ఇంట్లో పైసలెందుకు లేవు?

మా చిన్నాయనకు దేవరకొండ దగ్గర ఒక పల్లెలో కిరాణా దుకాణం ఉంది. గల్లా పక్కన ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉంటుంది, ఉద్దెర రాసుకునేది. దేశం జీడీపీ లెక్క మూడు నెలలకోసారి వస్తుంది, అది కూడా ఆ మూడు నెలలు గడిచిపోయిన తర్వాత ఇంకో రెండు నెలలకు. చిన్నాయన పుస్తకం అంతకన్నా ముందే చెప్పేస్తుంది. మంచి రోజుల్లో ఒక్కో ఇంటి పేరు కింద నాలుగైదు వరుసలుంటాయి, నెలాఖరుకు వాటి మీద అడ్డంగా ఒక గీత, పక్కన "ముట్టింది" అని. రోజులు బాగలేనప్పుడు ముందు సామాను మారుతుంది. లీటరు నూనె ప్యాకెట్ తీసుకునేవాళ్లు అర లీటరుకు వస్తారు, బట్టల సబ్బు ఉంటుంది కానీ ఒంటి సబ్బు పోతుంది, ఆ తర్వాత గీతలు ఆగిపోతాయి, ఇంకొన్నాళ్లకు పేజీ నిండి కింద "వెనుక చూడు" అని రాసి ఉంటుంది.

ఆ నిండిన పేజీల ఇళ్లలో ఎవరినైనా పని ఉందా అని అడగండి. లేదు అని చెప్పేవాళ్లు తక్కువ. "పోతనే ఉన్న సార్, కాకపోతే సరిగ్గ దొరుకుతలేదు" అంటారు. నన్నడిగితే మాంద్యం గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు ఆ "సరిగ్గ"లోనే ఉంది. టీవీలో మాంద్యం అంటే ఐటీ కంపెనీలో ఐడీ కార్డు తీసేసుకుని బయటికి పంపించడం. పాలమూరులో, నల్లగొండలో అది అట్లా రాదు. పని పేరుకు ఉంటుంది, లోపల మాత్రం పుచ్చిపోతుంది.

ముందు మాటలు సరిచేసుకుందాం. మందగమనం అంటే బండి స్పీడు తగ్గడం, మాంద్యం అంటే బండి వెనక్కి పోవడం. వరుసగా రెండు త్రైమాసికాలు దేశ ఉత్పత్తి తగ్గితే మాంద్యం అనడం వాడుక. 2020 ఏప్రిల్-జూన్‌లో మన జీడీపీ అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు 24 శాతం పడింది, తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. అది లాక్‌డౌన్ వల్ల, మామూలు మాంద్యంతో కలపకూడదు అనేవాళ్లున్నారు, అది కూడా నిజమే. కాకపోతే మామూలుగా మెల్లమెల్లగా, ఎవరికీ కనబడకుండా జరిగేదంతా ఆ ఏడాది కళ్ల ముందే జరిగింది, అందుకే నేను ఎక్కువగా దాన్నే పట్టుకుని మాట్లాడతాను.

ఆ ఏడాది ప్రభుత్వ సర్వే లెక్క చూస్తే ఎవరైనా కంగు తింటారు. అప్పట్లో ఏటా జులై నుంచి జూన్ దాకా చేసిన ఆ కార్మిక సర్వేలో నిరుద్యోగిత రేటు 2018-19లో 5.8 శాతం, 2019-20లో 4.8, 2020-21లో 4.2. అంటే దేశం మూతపడిన కాలంలో నిరుద్యోగం తగ్గింది! ఎవరూ లెక్క తప్పు రాయలేదు. ఆ సర్వేలో ఏడాది మొత్తం మీద చూసి, కాస్త చెప్పుకోదగినన్ని రోజులు ఏదో ఒక పని చేస్తే చాలు, పని ఉన్నట్టే. జీతం వచ్చే పనే కానక్కర్లేదు. సొంత పొలంలో నాన్నకు సాయం చేసినా పనే, అన్న దుకాణంలో పొట్లాలు కట్టినా పనే. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని పోయి కల్వకుర్తి దగ్గర ఊరికి తిరిగొచ్చి, ఇద్దరు చేసుకునే రెండెకరాల పత్తి చేన్లో మూడో మనిషిగా దిగినవాడు సర్వే కాగితం మీద నిరుద్యోగి కాడు, రైతు. ఆ కొత్త రైతు వల్ల చేన్లో ఒక్క క్వింటా కూడా ఎక్కువ పండదు, ఉన్న తిండే ముగ్గురు పంచుకుంటారు. జోన్ రాబిన్సన్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1936లోనే ఇలాంటిదానికి ముసుగు వేసుకున్న నిరుద్యోగం అని పేరు పెట్టింది. ఆమె ఇంగ్లాండ్‌లో ఫ్యాక్టరీ పని పోయి వీధిలో అగ్గిపెట్టెలు అమ్ముకునేవాళ్లను చూసి రాసింది, మనం పత్తి చేన్లో చూస్తున్నాం. దేశంలో పనిచేసేవాళ్లలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2020-21కి 46.5 అయింది. అంతకుముందు పదిహేనేళ్లుగా తగ్గుతూ వచ్చిన వాటా అది.

అసలు సంగతేమిటంటే నిరుద్యోగిగా ఉండటానికి కూడా కొంచెం డబ్బు కావాలి. బీటెక్ చదివి, ఇంట్లో నాన్నకు పెన్షన్ వస్తుంటే, అమీర్‌పేట హాస్టల్లో ఆర్నెల్లు ఉండి ఇంటర్వ్యూలకు తిరగొచ్చు. రోజు కూలి మనిషి రెండో రోజు ఏదో ఒకటి పట్టుకోకపోతే మూడో రోజు చిన్నాయన పుస్తకంలోకి ఎక్కాల్సిందే.

ఇంకో సంగతి. మా జిల్లాలకు మాంద్యం అన్న మాట కొత్త, కరువన్న మాట పాతది. 1979-80లో దేశ జీడీపీ 5 శాతానికి పైగా పడిపోయిందంటే దానికి పెద్ద కారణం కరువు, తోడుగా ముడిచమురు ధరలు. కరువొస్తే ఊరు ఎండేది, జనం బొంబాయి, పూణె బస్సెక్కేవాళ్లు, ఇటు నల్లగొండ నేతగాళ్లయితే భీవండి పవర్‌లూమ్‌లకు పోయేవాళ్లు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అన్న పేరు వినబడిందంటే ఇట్లా పోయినవాళ్ల వల్లే. అప్పుడు ఊరి కష్టాన్ని పట్నం మోసింది. పట్నంలో మాంద్యం వస్తే వరస తిరగబడుతుంది, పట్నం వదిలేసినవాళ్లను ఊరు మోయాలి. రెండూ ఒకేసారి వస్తే? 2009లో అదే అయింది. అంతకు ఏడాది ముందు సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు మునిగింది, ఆ దెబ్బకు హైదరాబాద్‌లో కొత్త నియామకాలు ఆగాయి, ఆఫర్ లెటర్ చేతిలో ఉన్న పిల్లలను జాయినింగ్ డేట్ చెప్పకుండా నెలల తరబడి కూర్చోబెట్టారు. 2009 వానాకాలంలో దేశం మొత్తం మీద వానలు 22 శాతం తక్కువ పడ్డాయి. అది చాలదన్నట్టు అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూర్, రాజోలి మునిగిపోయాయి. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఏడాది ఎట్లా గడిచేదో.

సరే, పట్నంలో ఎక్కడో ఆగిన డబ్బు దేవరకొండ కిరాణా దుకాణం దాకా ఏ దారిన వస్తుంది? బిల్డర్ అపార్ట్‌మెంట్‌ను తన డబ్బుతో కట్టడు. బుకింగ్ అడ్వాన్సులతో, బ్యాంకు లోనుతో కడతాడు. ఉద్యోగం మీద నమ్మకం తగ్గినవాడు ఫ్లాట్ బుకింగ్‌ను వాయిదా వేస్తాడు, తప్పేం లేదు, మనమైనా అదే చేస్తాం. లక్ష మంది అట్లా జాగ్రత్త పడితే బిల్డర్‌కు అడ్వాన్సులు రావు, ఆయన కాంట్రాక్టర్ బిల్లు ఆపుతాడు, కాంట్రాక్టర్ మేస్త్రీకి "వచ్చే శనివారం" అంటాడు, మేస్త్రీ కూలీలకు అదే శనివారం చెబుతాడు. ఈలోపు సిమెంట్ ఎవరు కొంటారు? మట్టంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో గోడౌన్లు నిండుతాయి, లోడింగ్ తగ్గుతుంది. ముందు ఆగేది పర్మినెంట్ కార్మికుడి జీతం కాదు, బస్తాకింత అని కూలి తీసుకునే హమాలీది, ఆ తర్వాత ట్రిప్పుకింత అని బతికే లారీ డ్రైవర్‌ది. లారీ ఓనర్‌కు లోడ్ లేకపోయినా నెల నెలా ఈఎంఐ ఆగదు. (2020లో రిజర్వ్ బ్యాంక్ మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది, చాలామంది మాఫీ అనుకున్నారు, మిత్తి మాత్రం ఆ ఆరు నెలలూ పెరుగుతూనే ఉంది.) లారీలు తిరగకపోతే హైవే మీద టైర్ పంక్చర్ వేసేవాడికి, దాబాలో రొట్టెలు చేసేవాడికి గిరాకీ ఉండదు. ఆ దాబా కుర్రాడి వాళ్ల అమ్మ పేరు మా చిన్నాయన పుస్తకంలో ఉంటుంది.

ఈ దారిలో ఎవరూ దుర్మార్గులు కారని నేననను, శనివారం చెప్పి ఫోన్ స్విచాఫ్ చేసినవాళ్లు నాకు తెలుసు. కానీ అందరూ మంచివాళ్లే అయినా ఇదే జరుగుతుంది. ఒక్కరు పొదుపు చేస్తే అది తెలివి, అందరూ ఒకేసారి చేస్తే ఎవరికీ గిరాకీ ఉండదు. కీన్స్ అనే ఆర్థికవేత్త పేరు చెప్పి కాలేజీల్లో దీన్ని నేర్పుతారు, అడ్డా మీద ఎవరూ నేర్పకుండానే తెలిసిపోతుంది.

అడ్డా అంటే గుర్తొచ్చింది. నల్లగొండలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక లేబర్ అడ్డా ఉంది. పొద్దున ఆరున్నరకు టిఫిన్ గిన్నెలు, పారలు, సుతారీల (తాపీ మేస్త్రీల) సంచుల్లోంచి బయటికి కనబడే గజం బద్దలు. ఎవరైనా బైక్ ఆపితే పదిమంది చుట్టుముడతారు. తొమ్మిది దాటితే మిగిలినవాళ్లు ఇంటికి పోరు, టీ కొట్టు దగ్గరే ఉంటారు, ఇంటికి పోతే భార్యకు ముఖం చూపించాలి కదా. నేను ఒకసారి అక్కడ ఒక పెద్దమనిషిని అడిగాను, పని దొరకనప్పుడు రేటు వంద తగ్గించి పోవచ్చు కదా అని. ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇయ్యాల నేను దించితే రేపు అందరికీ అదే రేటు. దిగిన రేటు మళ్ల ఎక్కుతదా సార్?"

ఆర్థికశాస్త్రంలో దీన్ని వేతనాల మొండితనం అంటారు. గిరాకీ తగ్గితే టమాటా రేటు పడినంత తేలిగ్గా కూలి రేటు పడదు. పడగొట్టినవాడిని అడ్డా మీద మిగతావాళ్లు మాటలతోనే చంపేస్తారు. కంపెనీలో కూడా అంతే, అందరి జీతం పది శాతం కోస్తే అందరూ ముఖం మాడ్చుకుని పనిచేస్తారు, దానికన్నా పది మందిని తీసేయడం యాజమాన్యానికి తేలిక. రేటు నిలబడుతుంది కాబట్టి దెబ్బ రోజుల మీద పడుతుంది. ఒక సుతారికి రోజుకు 900 అనుకుందాం, నెలకు 25 రోజులు దొరికితే 22,500. అదే రేటుతో 11 రోజులే దొరికితే 9,900. కాగితం మీద కూలి ఒక్క రూపాయి తగ్గలేదు, పేపర్లో "గ్రామీణ కూలి రేట్లు స్థిరం" అని వస్తుంది. ఇంటి కిరాయి మాత్రం 11 రోజుల కిరాయి కాదు, నెల కిరాయి.

నేతపనిలో ఇది ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. పోచంపల్లి, పుట్టపాక, ఇటు నారాయణపేట, గద్వాల, ఎక్కడైనా కూలికి నేసేవాళ్లలో చాలామందికి నూలు, రంగులు, డిజైన్ ఇచ్చేది షావుకారే. చీరలు అమ్ముడుపోకపోతే ఆయన పని లేదని చెప్పడు. మగ్గం మీద ఒక వార్పు (పడుగు) దిగాక ఇంకోటి ఎక్కించడానికి వారం ఆగమంటాడు, ఆ వారం నెల అవుతుంది. మగ్గం ఇంట్లోనే, నేతగాడూ ఇంట్లోనే, సర్వే వాళ్లు వచ్చి ఏం చేస్తావంటే నేతపని అనే చెబుతాడు. అబద్ధం ఎక్కడుంది?

వలసపోయేవాళ్లకు వేరే ఉచ్చు ఉంది. గుంపు మేస్త్రీ పండగ ముందు ఊరికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఇంటికి ఇంత అని, ఆ డబ్బు పెళ్లికో పాత అప్పుకో పోతుంది, తర్వాత ఆరేడు నెలలు ఆ అడ్వాన్సుకు పని చేయాలి. సైటు మధ్యలో ఆగిపోతే? పని ఆగింది కాబట్టి అడ్వాన్సు తీరదు. నష్టం కంపెనీది కాదు, మేస్త్రీది కూడా పూర్తిగా కాదు, కూలీ మీద పాత బాకీగా మిగిలి మరుసటి ఏడాది పట్టీలో మొదటి వరుసలో కూర్చుంటుంది. అట్లా బాకీ మీద పోయినవాడు రేటు మాట్లాడలేడు, జ్వరమొచ్చినా నాగా పెట్టలేడు, పక్క సైటులో ఎక్కువిస్తున్నా కదలలేడు. 1976 నుంచి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఉంది, అడ్వాన్సు కింద మనిషిని ఇట్లా కట్టిపడేయడం దాని ప్రకారం నేరమే. అయినా మాంద్యం తర్వాతి సీజన్‌లో బొంబాయి బస్సెక్కేవాళ్లలో ఎంతమంది పాత బాకీ తీర్చడానికే ఎక్కుతారో ఏ సర్వే కాగితంలోనూ గడి ఉండదు.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే పక్కవాళ్ల కష్టం గురించి పాఠం చెప్పినట్టు ఉంటుంది. 2020 మార్చిలో నేను ఒక ప్రైవేట్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏప్రిల్ జీతం సగం వచ్చింది, మే నెలది రాలేదు, జూన్‌లో ఆన్‌లైన్ క్లాసులన్నారు. ఫోన్ నాది, డేటా నాది, వంటింటి తలుపుకు చాక్‌పీస్‌తో లెక్కలు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో పిల్లల డౌట్లు, పగలు తల్లిదండ్రులకు ఫోన్ చేసి ఫీజు కట్టండని బతిమాలడం. అంటే జీతం సగం, పని ఒకటిన్నర. "మిగతా సగం ఫీజులు వచ్చాక చూద్దాం సార్" అన్నారు, ఆ చూడటం ఇప్పటికీ అవ్వలేదు. నన్ను ఎవరూ తీసేయలేదు, ఏ లెక్కలోనూ నేను నిరుద్యోగిని కాను. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేట్ బడుల టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తే రేషన్ దుకాణం ముందు నా పాత స్టూడెంట్ వాళ్ల నాన్న వెనకే లైన్లో నిలబడ్డాను. టెన్షన్ కన్నా సిగ్గు ఎక్కువ అనిపించింది ఆ రోజు.

అప్పుడు చట్టం పుస్తకాలు తిరగేశాను. పేపర్లో లేఆఫ్ అంటే ఉద్యోగం పీకేయడం, మన చట్టంలో మాత్రం లేఆఫ్ అంటే పని లేక తాత్కాలికంగా ఇంట్లో కూర్చోబెట్టడం. పేరు రిజిస్టర్లో ఉంటుంది, 50 మంది ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది పనిచేసినవాడికి బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. పూర్తిగా తీసేయడం వేరు, దానికి నెల నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. పెద్ద ఫ్యాక్టరీ అయితే ప్రభుత్వం అనుమతి కావాలి, ఆ పెద్ద అంటే ఇంతకుముందు 100 మంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌తో 300 మంది. రాజీనామా చేసినవాడికి మాత్రం ఈ పరిహారం ఉండదు. హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి మంచినీళ్లిచ్చి "మీరే రాజీనామా రాస్తే రిలీవింగ్ లెటర్ బాగుంటుంది" అనేది ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇక నాలాంటివాడికి ఇవేవీ లేవు, టీచర్ పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడి లెక్కలోకి రాడని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది.

పని గంటలు కూడా ఇట్లాంటి సమయంలోనే సాగుతాయి. 2020లో గుజరాత్, ఉత్తరప్రదేశ్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఫ్యాక్టరీ షిఫ్టు 12 గంటలు చేసుకోవచ్చని ఉత్తర్వులిచ్చాయి. గుజరాత్‌లో అయితే ఆ అదనపు గంటలకు ఓవర్‌టైమ్ రెట్టింపు కూడా ఇవ్వక్కర్లేదన్నారు, సుప్రీంకోర్టు అక్టోబర్‌లో దాన్ని కొట్టేసింది. ఇంకోటి, చాలా దేశాల్లో పరిశోధకులు గమనించింది ఏమిటంటే మాంద్యంలో ఫ్యాక్టరీ ప్రమాదాల లెక్క తగ్గుతుంది. పని తగ్గుతుంది కాబట్టి కొంత తగ్గడం సహజం. మిగతాది భయం, వేలు తెగితే గుడ్డ కట్టుకుని పనిచేస్తారు గానీ రిజిస్టర్లో రాయించరు, రాయించినవాడి పేరు తీసేసేవాళ్ల లిస్టులో ముందు ఉంటుందని.

మాంద్యం పోయాక పనులు తిరిగొస్తాయి, కానీ పోయిన పని వచ్చే పని ఒకటి కావు. జడ్చర్ల, కొత్తూరు వైపు బస్సులు దిగేవాళ్ల మెడలో కార్డులు చూడండి, చాలావాటి మీద ఫ్యాక్టరీ పేరు కన్నా లేబర్ కాంట్రాక్టర్ పేరు పెద్దగా ఉంటుంది. దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో 2000 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు కాంట్రాక్టు మీద ఉండేవారు, ఇప్పుడు ఐదుగురిలో ఇద్దరు. మాంద్యం ఒక్కటే దీనికి కారణం కాదు, కానీ గిరాకీ తగ్గినప్పుడు ఖాళీ అయిన పర్మినెంట్ పోస్టును గిరాకీ పెరిగాక కాంట్రాక్టుతో నింపడం చాలా తేలిక. మెషీన్ అదే, టోపీ రంగు వేరు.

ఆడవాళ్ల లెక్క చూస్తే ఇంకా తికమకగా ఉంటుంది. పనిలో ఉన్న, లేదా పని వెతుకుతున్న 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లు 2018-19లో 24.5 శాతం, 2020-21కి 32.5. దీన్ని మహిళా సాధికారత అని రాసినవాళ్లున్నారు. నాకు తెలిసిన ఇళ్లలో ఏం జరిగిందంటే, మగవాడి రోజులు సగమయ్యేసరికి ఆమె పత్తి ఏరడానికి, ఉపాధి హామీ గుంతలకు, కుట్టు మెషీన్‌కు దిగింది, ఇంటి పని ఎక్కడికీ పోలేదు. పెరిగిన లెక్కలో పెద్ద భాగం సొంత పొలంలో, సొంత దుకాణంలో పైసా రాని పనే. మా చిన్నమ్మ కూడా అప్పుడే కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టింది, ఎందుకంటే చిన్నాయన బాకీల వసూలుకు తండాలు తిరగాల్సి వచ్చింది.

తిరిగి ఏం వసూలు చేశాడంటే, కొన్ని ఇళ్లలో పత్తి పైసలు, ఒకరి దగ్గర రెండు మేకపిల్లలు, ఒకరి దగ్గర "బొంబాయి నుంచి పంపుత మామా" అన్న మాట. ఆ పుస్తకంలో నా పేజీ కూడా ఉండేది, పేరు బదులు "పంతులు" అని రాసుకున్నాడు, 14 నెలల బియ్యం, పప్పు, పిల్లదాని పాల పొడి. 2022 సంక్రాంతికి తీర్చాను. ఆయన ఒకే ఒక్క గీత కొట్టి, గీత పక్కన ముట్టింది అని రాసి, పుస్తకం పైన పెట్టేస్తూ ఇప్పుడు బళ్లో ఎంత ఇస్తున్నారని అడిగాడు. 2019లో ఇచ్చిందే అన్నాను.